ఓడే జట్టులో కుర్రాళ్లు: ఎవరు నిలుస్తారు, ఎవరు జారిపోతారు?

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) 2025-26 సీజన్ ముందు వచ్చిన ఉత్తరాలివి, సగానికి పైగా దాని గురించే. అందులోనూ అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచి వచ్చినవి ఎక్కువ. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు కోప్పడకండి, వచ్చే సంచికలో మీకే పేజీ అంతా.

ప్ర: అన్నా, మేము వాషింగ్టన్ విజార్డ్స్ ఫ్యాన్స్. 2023-24లో 15 మ్యాచ్‌లు గెలిచారు, 2024-25లో 18. జట్టు నిండా పిల్లలే: అలెక్స్ సార్, బిలాల్ కూలిబాలీ, బబ్ క్యారింగ్టన్, కైషాన్ జార్జ్. వీళ్లలో నిజంగా ఎదిగేది ఎవరో ఇప్పుడే చెప్పొచ్చా? నా ఫ్రెండ్ అయితే అలెక్స్ వేస్ట్ అంటున్నాడు, వేసిన షాట్లలో 40 శాతం కూడా పడలేదు కదా అని. (యాష్‌బర్న్, వర్జీనియా)

జ: మీ ఫ్రెండ్ చెప్పిన అంకె కరెక్టే, తీర్పే తొందరపడి ఇచ్చేశాడు. అలెక్స్ మొదటి ఏడాది మ్యాచ్‌కి 13 పాయింట్లు చేశాడు, షాట్లు 40 శాతం లోపే పడ్డాయి. అంతకుముందు 2024 జులైలో లాస్ వేగస్ సమ్మర్ లీగ్‌లో ఒక మ్యాచ్‌లో 15 షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు. డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) రెండో నంబర్ పిక్ ఇలా ఆడితే జనం ఊరుకుంటారా, ఆటాడుకున్నారు. కానీ ఆ సీజన్ చివరికి అదే కుర్రాడు ఆల్-రూకీ ఫస్ట్ టీమ్‌లో (రూకీలు, అంటే ఆ ఏడాది కొత్తగా వచ్చినవాళ్లలో మేటి ఐదుగురు) ఉన్నాడు.

నా పద్ధతి ఒకటి చెప్తాను. ఓడిపోయే జట్టులో ఆటగాణ్ని చూసేటప్పుడు వాడు ఎన్ని పాయింట్లు చేశాడని కాదు, రేపు జట్టులోకి ఇద్దరు మంచి ఆటగాళ్లు వచ్చి బంతి వీడి చేతిలోంచి పోతే వీడి దగ్గర ఇంకా ఏం మిగులుతుంది అని చూస్తాను. ఎందుకంటే 82 మ్యాచ్‌ల్లో 64 ఓడే జట్టులో కూడా ఎవరో ఒకరు పాయింట్లు చేయాల్సిందే, స్కోరు బోర్డు సున్నా దగ్గర ఆగిపోదు కదా. ఆ చేసేవాడు గొప్పవాడే అయ్యుండక్కర్లేదు, పక్కన ఇంకెవరూ లేకపోతే చాలు.

ఇప్పుడు అలెక్స్‌ని ఆ లెక్కన చూడండి. ఏడడుగుల మనిషి, సీజన్ మొదలైనప్పుడు 19 ఏళ్లు. మ్యాచ్‌కి ఒకటిన్నర షాట్లు బ్లాక్ చేశాడు. అంతకన్నా ముఖ్యం, ఎదుటి జట్టు గార్డు (బంతి నడిపించే చురుకైన ఆటగాడు) తన మీదకి డ్రిబుల్ చేసుకుంటూ వస్తే పక్కకి కదిలి ఎదురు నిలబడగలుగుతున్నాడు, అంత పొడుగువాళ్లలో చాలామందికి ఆ కాళ్లుండవు. ఈ రెండూ బంతి చేతిలో లేకపోయినా ఉండేవి, స్టార్ వచ్చినా పోనివి. ఇక తేలాల్సింది ఏమిటంటే, రింగ్ దగ్గరికి వెళ్లి దెబ్బలు తింటూ షాట్ వేస్తాడా లేక దూరం నుంచి త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేస్తూ కాలం గడుపుతాడా అన్నది. మొదటి ఏడాది రెండో దారే ఎక్కువ పట్టాడు, అందుకే ఆ శాతం. ఒంట్లో బలం వస్తే ఇది మారుతుందనే నా అంచనా. రాకపోతే మీ ఫ్రెండ్ నాకు ఉత్తరం రాయొచ్చు.

కూలిబాలీ విషయంలో నాకే కొంచెం టెన్షన్ ఉంది. 2023లో ఏడో పిక్‌గా వచ్చినప్పుడు 19 కూడా నిండలేదు. తొలి ఏడాది 8 పాయింట్ల చిల్లర, మలి ఏడాది 12 పైన, అంటే చూడ్డానికి ఎదుగుతున్నట్టే ఉంది. కానీ త్రీ పాయింట్ షాట్ రెండో ఏడాది పెరగాల్సింది పోయి తగ్గింది. డిఫెన్స్ మాత్రం వచ్చిన రోజు నుంచీ పెద్దవాళ్ల డిఫెన్సే. అలాంటివాళ్లకి ఎన్‌బీఏలో పదేళ్ల ఉద్యోగం గ్యారంటీ, కాకపోతే స్టార్ కావాలంటే ఆ షాట్ పడాల్సిందే, మధ్యేమార్గం లేదు.

క్యారింగ్టన్ 82 మ్యాచ్‌లకి 82 ఆడాడు. 19 ఏళ్ల కుర్రాడు, వారానికి మూడు నాలుగు మ్యాచ్‌లు, మధ్యలో విమానాలు, పైగా దాదాపు ప్రతిసారీ ఓటమి... అయినా ఒక్క రోజూ కూర్చోలేదు. దీన్ని ఎవరూ స్టాట్స్‌లో మెచ్చుకోరు గానీ నేను మెచ్చుకుంటా. జార్జ్ గురించి చెప్పేంత చూడలేదింకా. 24వ పిక్‌కి వచ్చినవాడు, అన్ని పనులూ కొంచెం కొంచెం చేస్తాడు, అదే వాడి బలం.

ఇంకో మాట. మీ జట్టు జనరల్ మేనేజర్ విల్ డాకిన్స్, కుర్రాళ్లని పెంచి 2025లో చాంపియన్ అయిన ఓక్లహోమా సిటీలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాడు. ఆ వంట ఎలా వండాలో దగ్గరుండి చూశాడు. వండగలడా లేదా అన్నది వేరే విషయం.

ప్ర: రూకీ ఆఫ్ ది ఇయర్ వచ్చిందంటే ఇక స్టార్ అయినట్టే కదా సార్? దానికన్నా పెద్ద రుజువు ఏం కావాలి? (వరంగల్)

జ: మైకేల్ కార్టర్-విలియమ్స్ పేరు విన్నారా? వినకపోతే మీ తప్పేం లేదు. 2013లో ఫిలడెల్ఫియా 11వ పిక్‌తో తీసుకుంది. మొదటి మ్యాచే మయామీ మీద, అప్పటికి వరసగా రెండుసార్లు చాంపియన్లు వాళ్లు. 22 పాయింట్లు, 12 అసిస్ట్‌లు (సాటివాళ్ల షాట్లకి అందించిన పాస్‌లు), 9 స్టీల్స్ (ఎదుటివాళ్ల దగ్గర కొట్టేసిన బంతులు), పైగా జట్టు గెలిచింది. ఆ ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్ అతనే. మరుసటి సీజన్‌లో, 2015 ఫిబ్రవరిలో, ఫిలడెల్ఫియానే అతన్ని వేరే జట్టుకి ట్రేడ్ చేసేసింది. జనం నోరెళ్లబెట్టారు.

ఎందుకు ట్రేడ్ చేశారో ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. ఆ జట్టు లీగ్‌లో అందరికన్నా వేగంగా ఆడేది, అంటే మ్యాచ్‌కి బంతి చేతికొచ్చే సందర్భాలు ఎక్కువ, అంకెలు వాటంతటవే ఉబ్బుతాయి. త్రీలు 26 శాతమే పడ్డాయి. రూకీయే అయినా అప్పటికే 22 ఏళ్లు నిండినవాడు. అలెక్స్, క్యారింగ్టన్ 19లో చేసిన తప్పుల్ని 22లో చేస్తే వాటి అర్థం వేరు. మంచి జట్ల దగ్గరికి వెళ్లాక, బంతి ఎప్పుడూ చేతిలో ఉండని చోట, అతను చేయగలిగే పని తగ్గిపోయింది.

అదే ఊళ్లో రెండేళ్లకి ఇంకో కథ. జాలీల్ ఒకాఫోర్, 2015లో మూడో పిక్. మొదటి ఏడాది మ్యాచ్‌కి 17.5 పాయింట్లు. జట్టు రికార్డు 10 గెలుపులు, 72 ఓటములు. రింగ్ కింద వీపు ఆనించి అటూ ఇటూ తిప్పి వేసే షాట్ చూడ్డానికి ఎంత అందంగా ఉండేదో. కానీ డిఫెన్స్‌లో ఎవర్నీ ఆపలేకపోయేవాడు, దూరం నుంచి షాట్ లేదు, లీగేమో అప్పుడే త్రీల వైపు పరుగెడుతోంది. 2017 డిసెంబరుకల్లా ట్రేడ్ చేసేశారు. ఆ డ్రాఫ్ట్‌లోనే 13వ పిక్‌గా వెళ్లినవాడు, తర్వాత పెద్ద స్టార్ అయిన డెవిన్ బుకర్.

అంతమాత్రాన వయసే అంతా అనీ అనుకోవద్దు. ఓక్లహోమా సిటీ జేలెన్ విలియమ్స్ మూడేళ్లు కాలేజీలో ఆడి 21 ఏళ్లకి డ్రాఫ్ట్‌కి వచ్చాడు, 12వ పిక్. 2025 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 40 పాయింట్లు కొట్టాడు. వయసు ఒక ఆధారం, అంతే.

ప్ర: కావాలని ఓడి మంచి డ్రాఫ్ట్ పిక్ సంపాదించడం మోసం కాదా? అయినా అది పనిచేస్తుందా? (విజయవాడ)

జ: న్యాయం సంగతి తర్వాత, పనిచేయడం సంగతి చెప్తా. ఓడిన జట్లకి ముందు పిక్‌లు లాటరీ తీసి ఇస్తారు. 2019లో వచ్చిన రూల్ ప్రకారం అట్టడుగున ఉన్న మూడు జట్లకీ మొదటి పిక్ వచ్చే అవకాశం సమానంగా 14 శాతమే. డెట్రాయిట్ 2023లో లీగ్‌లోనే అధమం, లాటరీలో వచ్చింది ఐదో పిక్. 2024లో మళ్లీ అధమం, మళ్లీ ఐదే. 2022లో కూడా ఐదే! 2025లో డాలస్ 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ కొట్టేసి కూపర్ ఫ్లాగ్‌ని తీసుకెళ్లింది. ఫ్రిస్కో, ఇర్వింగ్ మనవాళ్ల ఉత్తరాల్లో ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

వాషింగ్టన్‌ది మరీ విచిత్రం. 2025 ఏప్రిల్‌లో సీజన్ ఆఖరి రోజు మయామీ మీద క్యారింగ్టన్ చివరి క్షణంలో షాట్ వేసి ఒక్క పాయింటు తేడాతో గెలిపించాడు. అది పడకపోయుంటే యూటాతో సమానంగా 17-65. పడింది కాబట్టి యూటా ఒంటరిగా చివర మిగిలింది. ఆ రూల్ ప్రకారం అందరికన్నా కిందున్న జట్టు ఐదో పిక్ కన్నా కిందికి పోదు, దానిపై జట్టు ఆరు దాకా పోవచ్చు. సరిగ్గా అలాగే జరిగింది, యూటాకి ఐదు, వాషింగ్టన్‌కి ఆరు. కొంతమంది ఫ్యాన్స్ ఆ షాట్‌ని తిట్టారు కూడా. 19 ఏళ్లవాడు ఏడాదంతా ఓడి చివరి రోజు ఒక్క మ్యాచ్ గెలిపిస్తే తిట్టడమేంటి? ఆ కుర్రాడికి గెలవాలని ఉంది, నాకు కావాల్సింది అదే.

ప్ర: మాది నోవై, మిషిగన్. 2023-24లో మా డెట్రాయిట్ పిస్టన్స్ వరసగా 28 ఓడినప్పుడు ఈ పిల్లలందర్నీ తీసేయాలని మేమే గోల చేశాం. మరుసటి ఏడాది వాళ్లే 44 గెలిచారు. ఏడాదిలో పిల్లలు అంత మారిపోతారా?

జ: పిల్లలు కొంచెం మారారు, చుట్టూ ఉన్నది చాలా మారింది. మీరు రాసింది చూస్తుంటే ఈ శీర్షికకే పాఠం అనిపించింది.

14-68 జట్టులో కేడ్ కన్నింగ్‌హామ్ బంతితో రింగ్ వైపు దూసుకెళ్తే ఏం జరిగేదో గుర్తు తెచ్చుకోండి. బయట నిలబడ్డవాళ్లు షాట్ వేయలేరని ఎదుటి జట్టుకి తెలుసు, కాబట్టి వాళ్లని వదిలేసి ముగ్గురు వచ్చి రింగ్ దగ్గర గోడ కట్టేవాళ్లు. కేడ్ బంతి పోగొట్టుకుంటే తిట్లు కేడ్‌కి. 2024 వేసవిలో కోచ్ మాంటీ విలియమ్స్‌ని పంపించి జే.బీ. బికర్‌స్టాఫ్‌ని తెచ్చారు. మలిక్ బీస్లీ, టిమ్ హార్డవే జూనియర్, టొబయాస్ హారిస్ వచ్చారు. బీస్లీ ఒక్కడే సీజన్‌లో 300కి పైగా త్రీలు వేశాడు. ఇప్పుడు బీస్లీని వదిలేసి లోపలికి వచ్చే ధైర్యం ఎవరికుంటుంది? దాంతో కేడ్‌కి దారి తెరుచుకుంది: 26 పాయింట్లు, 9 అసిస్ట్‌లు, ఆల్-ఎన్‌బీఏ థర్డ్ టీమ్ (ఏడాది మేటి పదిహేను మందిలో చోటు). మూలన నిలబడి షాట్ వేసే ముప్పై ఏళ్లవాడు ఒకడుంటే ఇరవై మూడేళ్లవాడి అసలు సత్తా బయటపడుతుందన్నమాట.

అయితే అందరూ అలా దక్కలేదు, అదీ చూడాలి. 2020లో ఏడో పిక్‌తో తెచ్చిన కిలియన్ హేస్‌ని 2024 ఫిబ్రవరిలో వదిలేశారు. ఆ డ్రాఫ్ట్‌లో, తర్వాత స్టార్ అయిన టైరీస్ హాలిబర్టన్ 12వ పిక్ దాకా ఖాళీగానే ఉన్నాడు (ఈ మాట మీకు గుర్తు చేయడం పుండు మీద కారం చల్లడమే, సారీ). హేస్‌కి చుట్టూ షూటర్లు లేరన్నది నిజమే, కానీ నాలుగో ఏటికి కూడా అతని షాట్ కుదుటపడలేదు. చుట్టూ ఉన్నవాళ్ల వల్ల పాడైన ఆటకీ, తన ఆటే పాడవడానికీ తేడా పట్టేది ఇక్కడే. కేడ్‌కి దారి మూసుకుపోయినా లోపలికి వెళ్లగలిగేవాడు. హేస్ దారి ఉన్నా వెళ్లలేకపోయాడు.

ప్ర: నేను హైదరాబాద్‌లో పొద్దున్నే లేచి మ్యాచ్‌లు చూస్తా. స్టాట్స్ నాకు ఎక్కవు. కళ్లతో చూసి కుర్రాడిలో దమ్ముందో లేదో ఎలా పట్టాలి? తిలక్ వర్మని చూడగానే తెలిసిపోయింది కదా, అలా.

జ: తిలక్ ఉదాహరణ భలే కుదిరింది. 2022 ఐపీఎల్‌లో ముంబై పదికి పదో స్థానం, అంటే ఓడే జట్టే. అందులో 19 ఏళ్ల మన కుర్రాడు 397 పరుగులు చేశాడు. నమ్మకం కలిగించింది ఆ 397 కాదు, అవతల వికెట్లు పడుతుంటే కంగారు లేకుండా బంతి లైన్ చూసి ఆడిన తీరు. బాస్కెట్‌బాల్‌లోనూ అదే వెతకాలి.

అమెరికా తూర్పు తీరం మ్యాచ్ అయితే మీకు తెల్లవారుజాము నాలుగున్నర, చలికాలం ఐదున్నర. కాఫీ పెట్టుకుని ఒక పని చేయండి: ఒక్క క్వార్టర్, పన్నెండు నిమిషాలు, బంతిని చూడటం మానేయండి. ఒక్క కుర్రాణ్ని పెట్టుకుని వాణ్నే చూడండి. మొదట్లో పిచ్చెక్కుతుంది, అలవాటు పడితే వదల్లేరు.

బంతి వేరేవాడి దగ్గరున్నప్పుడు వీడేం చేస్తున్నాడు? నడుం మీద చేతులేసుకుని నిల్చున్నాడా, లేక తన డిఫెండర్ తల అటు తిప్పిన క్షణంలో రింగ్ వైపు దూరుతున్నాడా? తన పాస్‌ని ఎదుటివాడు కొట్టేశాడనుకోండి, మొదటి రెండు సెకన్లు చూడండి. రిఫరీ వైపు చేతులు చాచేవాడు ఒకడు, వెనక్కి తిరిగి పరుగందుకునేవాడు ఒకడు. మూలనున్న షూటర్ మీదకి వెళ్లేటప్పుడు గాల్లోకి ఎగిరి పక్క నుంచి పోతున్నాడా, చిన్న చిన్న అడుగులతో ఆగి చెయ్యి పైకెత్తుతున్నాడా? స్క్రీన్ (సాటివాడు అడ్డంగా నిలబడి డిఫెండర్‌ని ఆపడం) వచ్చినప్పుడు బంతి పట్టుకుని ఎన్ని డ్రిబుల్స్ వృథా చేస్తున్నాడు? నవంబర్‌లో నాలుగు వృథా చేసినవాడు మార్చికి రెండుకి దిగితే, షాట్ పడినా పడకపోయినా, వాడు నేర్చుకుంటున్నాడు. అందుకే ఒకే కుర్రాణ్ని సీజన్ మొదట్లో రెండుసార్లు, చివర్లో రెండుసార్లు చూడమంటాను.

స్టాట్స్ ఎక్కవన్నారు గానీ ఒక్కటి మాత్రం చూడండి, ఫ్రీ త్రో (ఎదుటివాడు ఫౌల్ చేస్తే ఊరికే వేయనిచ్చే షాట్) శాతం. అడ్డం వచ్చేవాడు లేడు, ఎప్పుడూ అదే దూరం, చేతిలో షాట్ ఉందో లేదో దాచుకోడానికి వీల్లేదు. త్రీలు 30 శాతమే పడుతున్నా ఫ్రీ త్రోలు 80 దాటుతుంటే ఆ కుర్రాడికి త్రీలు ఇవాళ కాకపోతే రేపు వస్తాయన్న ఆశ పెట్టుకోవచ్చు. ఫ్రీ త్రోలే 60 దగ్గర కొట్టుకుంటుంటే ప్రాక్టీసు వీడియోలు చూసి మురిసిపోకండి.

ఇంత చెప్పినా కళ్లు మోసం చేస్తాయి. అలెక్సే పోకుషెవ్‌స్కీ అని ఓక్లహోమా సిటీలో ఉండేవాడు, 2020లో 17వ పిక్. ఏడడుగుల సన్నటి మనిషి, వెనక్కి చూడకుండా పాస్‌లు, గార్డులా డ్రిబుల్. ఒక్కో క్లిప్ చూస్తే వీడు తప్ప ఇంకెవరూ లేరనిపించేది. 2024 ఫిబ్రవరిలో వదిలేశారు. అదే జట్టులో లూ డోర్ట్‌ని 2019 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనే లేదు. దున్నపోతు బలం, మొండి డిఫెన్స్, షాట్ మాత్రం చూడబుద్ధి అయ్యేది కాదు. తర్వాత్తర్వాత ఆ షాటే సరిచేసుకుని 2024-25లో త్రీలు 41 శాతం వేశాడు, ఆ ఏడాదే జట్టు చాంపియన్.

ప్ర: ఓపిక పట్టాలంటారు సరే, ఎన్నాళ్లు? (షార్లెట్, నార్త్ కరోలినా)

జ: మూడో సీజన్ చివరిదాకా అంటాను. ఓక్లహోమా సిటీ స్టార్ షే గిల్జస్-అలెగ్జాండర్ అంకెలు చూడండి: మొదటి ఏడాది 10.8 పాయింట్లు, తర్వాత 19, తర్వాత 23.7, నాలుగో ఏడాది 24.5, ఐదో ఏడాది 31 దాటాడు. 2025లో ఎంవీపీ (లీగ్ మేటి ఆటగాడు), ఫైనల్స్ ఎంవీపీ రెండూ. మూడో ఏటికే దిశ తెలిసిపోయింది, ఎత్తు తెలియలేదు. ఆ నాలుగో ఏట ఓక్లహోమా సిటీ గతి ఏమిటి? 2021 డిసెంబరు 2న మెంఫిస్ చేతిలో 152-79, ఎన్‌బీఏ చరిత్రలోనే అతి పెద్ద ఓటమి (ఆ రోజు షే ఆడలేదు లెండి). ఆ స్కోరు చూసి జట్టుని అంచనా వేసినవాడు మూడున్నరేళ్ల తర్వాత ఏమనుకున్నాడో.

మీ ఊరి జట్టుకి ఇది పనికొస్తుందా అంటే, దెబ్బలు తగిలి సగం మ్యాచ్‌లు ఆడనివాళ్లకి మూడేళ్ల లెక్క పెట్టకండి, ఆడిన మ్యాచ్‌ల లెక్క పెట్టండి.

ప్ర: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, ఆరడుగులు దాటాడు. ఎత్తుంటే చాలు ఎన్‌బీఏ కోచ్‌లు చూస్తారట కదా? (గుంటూరు)

జ: చూస్తారు, ఆపైన ఇంకా చాలా చూస్తారు. పంజాబ్ సత్నామ్ సింగ్ ఏడడుగుల రెండంగుళాలు, 2015లో డాలస్ 52వ పిక్‌తో తీసుకుంది, మన దేశంలో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. బాబుని రోజూ ఫ్రీ త్రోలు వేయించండి, చదువు మాన్పించకండి.

ప్ర: మా పాపకి విజార్డ్స్ జెర్సీ కొనాలి. పోయినసారి జోర్డన్ పూల్‌ది కొంటే 2025 వేసవిలో న్యూ ఆర్లీన్స్‌కి పంపేశారు. ఈసారి ఎవరిది కొనమంటారు? (హెర్న్‌డన్, వర్జీనియా)

జ: మొదటి రౌండ్ రూకీ కాంట్రాక్ట్ మామూలుగా నాలుగేళ్లది, చివరి రెండేళ్లు జట్టు ఇష్టం. ఆ లెక్కన అలెక్స్‌ది గానీ 2025లో ఆరో పిక్‌గా వచ్చిన ట్రే జాన్సన్‌ది గానీ కొనండి, పాప ఎదుగుతుంది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి. కూలిబాలీది డిస్కౌంట్‌లో దొరికితేనే.